కళావతి పెట్టిన చెవి పరీక్ష

మహబూబాబాద్ పెద్ద దవాఖానలో చెవి పరీక్ష గది ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు. వరండాలో అడుగు పెడితే చాలు, అరుపులే దారి చూపిస్తాయి. తండ్రిని వెంటబెట్టుకొచ్చిన కొడుకు అరుస్తుంటాడు. తనకు వినబడదు గనుక లోకానికీ వినబడదనుకుని తండ్రి అంతకు రెట్టింపు అరుస్తుంటాడు. ఇద్దరినీ ఊరుకోమంటూ ఆయమ్మ ఆ ఇద్దరినీ మించి అరుస్తుంటుంది. ఆ గోలలో గొంతు లేవనిది కళావతి ఒక్కతే. వచ్చినవాళ్ళకు ఎదురుగా కూర్చుని, తన ముఖం వాళ్ళకు కనబడేలా పెట్టి, ఒక్కో మాట విడిగా, నిదానంగా పలుకుతుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభమని లోకం అంటుంది గానీ, ఊదడం తెలిసినవాళ్ళు ఊదితే లాభం ఉంటుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే పదేళ్ళకు పైగా అదే గదిలో, ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగంలో నెట్టుకొస్తోంది.

ఆమె తెలుగు గురించి ఒక మాట చెప్పుకోవాలి. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా ఆమె దగ్గర రెండు రోజులు కూర్చుని నేర్చుకోవచ్చు. "మేడం, మీది విజయవాడ దిక్కా?" అని రోగులు అడుగుతుంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వులో కాస్త గర్వం ఉండేది. అడిగితే ఒప్పుకోదు గానీ, ఉండేది. నిజానికి ఆమె నెల్లికుదురు దగ్గరి తండా పిల్ల. తండ్రి రాంజీ, తల్లి రామి. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఐదో తరగతి దాటి మానుకోటలో, అంటే ఇదే మహబూబాబాద్‌లో, హాస్టల్లో చేరేదాకా తెలుగు ఆమెకు సంతలో వినబడే భాష మాత్రమే. హాస్టల్లో ఆమె నోరు విప్పితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆగేదాకా తెలుగు నేర్చుకుంది, ఆగిన తర్వాత కూడా ఆపలేదు. హైదరాబాదులో చదివేటప్పుడు ఒక లెక్చరరు, "నీ మాట వింటే నువ్వు తండా పిల్లవని ఎవరూ అనుకోరమ్మా" అన్నాడు. ఆయన మెచ్చుకున్నాననుకున్నాడు. ఆమె కూడా అట్లాగే అనుకుని, ఆ మాటను పతకంలా దాచుకుంది.

భర్త హరిలాల్ భూపాలపల్లి బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. అక్కడే గది తీసుకుని ఉంటాడు, సెలవు రోజున ఇంటికి వస్తాడు. రాగానే వాకిట్లో కుర్చీ వేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఎవరు పలకరించినా పలకడు. పెళ్ళయిన కొత్తలో తను ఏం తప్పు చేసిందోనని కళావతి వంటింట్లో కూర్చుని ఏడ్చేది. తర్వాత చెవులు పాడయ్యాయేమోనని అనుమానం వచ్చి, ఒక ఆదివారం బలవంతంగా దవాఖానకు తీసుకెళ్ళి మిషను ముందు కూర్చోబెట్టింది. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి.

"మరెందుకు పలకవు?" అని నిలదీసింది.

"ఇనబడ్తది కళా. గని ఇననీకి శాతనైతలేదు" అన్నాడు హరిలాల్. "పొద్దంత ఆ ఇంజన్ల మోతల వాకీటాకీల ఎవడేమంటుండో పట్టుకోవాలె. ఒక్క మాట తప్పితే ఖతం. ఇంటికొచ్చెవరకు చెవులు కాదు, తలకాయే అలిసిపోతది."

ఆ మాట కళావతి బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. తన గదిలో ఉన్న మిషను వినబడుతుందా లేదా అన్నదే చెబుతుంది. వినడానికి మనిషి ఎంత కష్టపడ్డాడో చెప్పదు. కూలివాడు మోసిన మూటకు బరువుంటుంది, చూసేవాళ్ళకు తెలుస్తుంది. పొద్దంతా చెవులు రిక్కించినవాడి అలసటకు తూకం ఎక్కడ?

అట్లాంటి సమయంలో హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ సీట్లు ప్రకటించింది. పరిశోధన దేనిమీదంటే, పనిచేసేచోట వినడానికి మనుషులు పడే కష్టం మీద. కళావతి ఆ ప్రకటన ఫోనులో చదివి, మళ్ళీ చదివి, హరిలాల్‌కు ఫోను చేసి చదివి వినిపించింది. "నీకోసమే రాసినట్టున్నరు, పో" అన్నాడు. వయసు పరిమితికి ఆమె అంచు మీద ఉంది. ఈసారి తప్పితే మళ్ళీ దొరకదు. ఇంటర్వ్యూకు వచ్చేవాళ్ళు తాము సొంతంగా చేసిన చిన్న పరిశోధన ఒకటి వెంట తేవాలని నిబంధన. సీటు వస్తే ఈ ఏటేటా పొడిగింపుల బతుకు పోతుంది. అంతకంటే ముఖ్యంగా, గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి కోసం తను వంటింట్లో ఏడ్చిన ఏడుపుకు ఒక సమాధానం దొరుకుతుంది.

పరీక్ష పెట్టడానికి చోటు జనగామలో దొరికింది. అక్కడి ఒక పత్తి మిల్లుకు మేనేజరు దేవేందర్. కేసముద్రంలో ఉండే తల్లికి చెవి మిషను పెట్టించడానికి వచ్చి కళావతికి పరిచయమయ్యాడు. మంచివాడే, కాకపోతే భయస్థుడు. మిల్లులో పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్ను మిషన్లు వరసగా ఉంటాయి. వాటి మోతలో పక్కనున్నవాడు పాట పాడుతున్నాడో తిడుతున్నాడో తెలియదు.

"మీకు కాదంటనా మేడం" అన్నాడు దేవేందర్. "గని ఒక్కటే. ఎవలకు సరిగ ఇనబడ్తలేదో జర నాకు చెప్పున్రి. మొన్న ఎక్కడనో ఒక మిల్లుల మేస్త్రి ఒర్లుతనే ఉన్నడంట, ఆడిమనిషికి ఇనబడక చెయ్యి మిషన్ల పడ్డదంట. గది విన్నప్పటిసంది నాకు నిద్ర పడ్తలేదు."

"తప్పకుండా చెబుతానండి" అంది కళావతి. అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగకుండానే మాట ఇచ్చేసింది. చెబితే వాళ్ళనేం చేస్తారు అన్నది ఆ ప్రశ్న.

సెలవు దొరికినప్పుడల్లా మానుకోటలో పొద్దున్నే రైలెక్కి జనగామలో దిగేది. మిల్లు ఆఫీసు వెనక గదిలో బల్ల వేసుకుంది. పరీక్ష చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోను పెడతారు. అందులో మిల్లు మోత, ఆ మోత మధ్య ఒక్కో మాట వినిపిస్తారు. విన్న మాట తిరిగి చెప్పాలి. అదే సమయంలో ఎదురుగా చిన్న బల్బు అప్పుడప్పుడు వెలుగుతుంది. వెలగగానే బటన్ నొక్కాలి. చెవికి పని తేలికైతే చేయి చటుక్కున కదులుతుంది. చెవికి కష్టమైతే మనసంతా అక్కడికే పోయి చేయి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే అలసటకు తూకం. మాటలు కొత్తగా తయారు చేయలేదు. దవాఖానలో ఎప్పటినుంచో వాడుతున్న రికార్డే, ఎవరో ఒకావిడ స్వచ్ఛమైన తెలుగులో ముత్యాల్లా పలికిన మాటలు.

పరీక్షకు వచ్చినవాళ్ళలో జఫర్‌గఢ్ వైపు తండా నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో పెద్దది రుక్కి. నలభై దాటిన మనిషి, చేతుల నిండా పచ్చబొట్లు. జిన్ను దగ్గర ఆమె చేయి పాదరసంలా కదులుతుందని మిల్లంతా చెప్పుకుంటుంది. అట్లాంటి చేయి కళావతి బల్ల ముందు మొద్దుబారిపోయింది. మాట వినబడగానే రుక్కి కళ్ళు చిట్లించి, పెదవులు కదిలించి, నుదుటి మీద చెమట పట్టి, తీరా మాట చెప్పేసరికి బల్బు వెలిగి ఆరిపోయేది.

"గీ అక్క ఎవలు మేడం? మస్తు జల్ది మాట్లాడ్తాంది" అంది రుక్కి హెడ్‌ఫోను తీసేస్తూ.

"మీకు వినపడినంత చెప్పండి, చాలు" అంది కళావతి తన రేడియో తెలుగులో.

వీళ్ళు తనవాళ్ళేనని ఆమెకు తెలియదా? పచ్చబొట్లు చూడగానే తెలిసింది. నోటిదాకా వచ్చిన పలకరింపును మింగేసింది. పరిశోధన కదా, అందరితో ఒకేలా ఉండాలని తనకు తాను సర్ది చెప్పుకుంది. అలవాటైన సాకు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

లెక్కలు వేస్తే చక్కటి ఫలితం వచ్చింది. మిగతావాళ్ళ చేయి కొంచెం ఆలస్యమైంది, ఆ నలుగురి చేయి బాగా ఆలస్యమైంది. ఏళ్ళతరబడి మోతలో పనిచేసి వీళ్ళ చెవులు, మామూలు చెవి పరీక్షకు దొరక్కుండా, లోలోపల దెబ్బతిన్నాయని కళావతి అర్థం చేసుకుంది. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ సంతోషంలో దేవేందర్ ఇచ్చిన చాయ్ తాగుతూ, "ఆ నలుగురికి మోతలో మాట పట్టుకోవడం కష్టంగా ఉందండి" అని చెప్పేసింది.

తర్వాతి వారం మిగిలిన పని పూర్తి చేద్దామని వెళితే, రుక్కి నిలబడే చోట వేరే ఆమె ఉంది. ఆ నలుగురూ కనబడలేదు.

"బంద్ జేసిన మేడం" అన్నాడు దేవేందర్ మామూలుగా. "మీరే చెప్పిన్రు గద, ఇనబడ్తలేదని. రేపు చెయ్యి గిట్ల మిషన్ల పడితే ఎవలు జవాబు చెప్తరు? ఈ సీజన్‌కు రావద్దన్న."

కళావతికి విషయం అర్థమైంది. తను పెట్టింది పని కష్టం కొలిచే పరీక్ష. అది పని పోగొట్టే పరీక్ష అయి కూర్చుంది. దేవేందర్‌ను తిడదామంటే ఆయన చేసిన తప్పేమిటి? చదువుకున్న మనిషి చెప్పింది, ఆయన నమ్మాడు. అడ్రసు కనుక్కుని, ఇంటర్వ్యూకు సిద్ధమవుదామని దాచుకున్న సెలవును ఖర్చు పెట్టి, జఫర్‌గఢ్ బస్సెక్కింది. వెళ్ళి ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి పోతున్నానని మాత్రం తెలుసు.

తండాలో అడుగు పెట్టేసరికి బోరుబండి మోత చెవులు బద్దలు కొడుతోంది. రుక్కి ఇంటి పక్కనే ఎవరో బోరు వేయిస్తున్నారు. రుక్కి వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. కళావతిని చూసి ఆశ్చర్యపోయింది.

"మీరా మేడం? మల్ల పరీక్ష పెడ్తరా ఏంది?"

ఎగతాళి ఉంది ఆ మాటలో, కోపం కూడా ఉంది. కళావతి పీట మీద కూర్చుని, గొంతు పెంచి, తనవల్లే ఇట్లా జరిగిందని, తను ఆ ఉద్దేశంతో చెప్పలేదని అంది. రుక్కి రొట్టె తట్టడం ఆపి, ముఖం ఇటు తిప్పి, కళావతి పెదవులవంక చూస్తూ విన్నది. చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"మిల్లుల పని పోతే పోయె" అంది రుక్కి. "గని నా చెవులు ఖరాబైనయని తండంత తెలిసె. నా కోడలు గిప్పుడు చెవుల కాడికొచ్చి ఒర్లుతాంది. ఇంత బతుకు బతికి గీ చెవిటి పేరేంది మేడం నాకు?"

ఇంతలో గోడవతల మంచం మీద పడుకున్న ముసలి అత్త లంబాడీలో ఏదో అడిగింది. పెద్దగా కూడా అడగలేదు, మూలిగినట్టు అడిగింది. రుక్కి తల తిప్పకుండానే, రొట్టె తడుతూనే, నీళ్ళు బిందె పక్కన చెంబులో ఉన్నాయని జవాబు చెప్పింది. చేయి ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. కాసేపటికి ముసలామె ఇంకేదో గొణిగింది. రుక్కి మళ్ళీ జవాబిచ్చింది, రొట్టె గుండ్రంగా పెద్దదవుతూనే ఉంది. కళావతి తెలుగులో ఏదో అడిగింది. చేయి ఆగింది. ముఖం ఇటు తిరిగింది.

కళావతి ఆ చేతినే చూస్తూ కూర్చుంది. బోరుబండి మోత అట్లాగే ఉంది. పెనం మీది రొట్టె అంచు నల్లబడుతోంది. రుక్కి పిండి కలపడానికి అటు తిరిగి ఉంది. అప్పుడు కళావతి, ఎన్నేళ్ళుగానో బయటి మనిషి ముందు వాడని తన ఇంటి మాటలో, గొంతు పెంచకుండా అంది: "అక్కా, రొట్టె మాడుతోంది."

రుక్కి చేయి ముందు వెళ్ళి రొట్టెను తిప్పేసింది. తర్వాత ఆగింది. మెల్లగా తల తిప్పి కళావతిని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు మనదానివా?" అంది లంబాడీలో.

"అవును. నెల్లికుదురు దగ్గర. రాంజీ బిడ్డను."

రుక్కి సంతోషపడుతుందని కళావతి అనుకుంది. రుక్కి మాత్రం చేతిలోని అట్లకాడ పొయ్యి గట్టుకేసి కొట్టింది. "మనదానివై ఉండి, ఆ డబ్బాలో ఆ దొరసాని గొంతు ఎందుకు పెట్టినవే? ఒక్క మాట మన మాటలో అడిగితే నీ సొమ్మేం పోయేది? మేడం మేడం అని నీ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా చెవులకు చెవుడు అంటగట్టి పంపినవు!"

కళావతి ఏడ్చింది. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు. తెలిసిన మేనమామే తెలియనట్టు నటిస్తే ఏం చేయాలో ఆ సామెత చెప్పలేదు. బయటినుంచి వచ్చిన ఏ పట్నం మనిషైనా చేసి ఉంటే ఇది తెలియక చేసిన తప్పు. కళావతి చేసింది కాబట్టి, దాచుకుని దాచుకుని చివరికి తనకే గుర్తులేకుండా పోయిన తప్పు. రుక్కి చెవులు మంచివే. వచ్చీరాని భాష, అలవాటులేని యాస, దానిపైన మిల్లు మోత. ఆ మూడింటిలోంచి మాటను ఏరుకోవడానికి రుక్కి తల పడ్డ కష్టాన్ని, కళావతి చెవుడు అనుకుంది.

రుక్కి కాసేపు తిట్టి, ఆమె ఏడుపు ఆగకపోవడం చూసి, మాడిన వైపు తుంచేసి రొట్టె చేతిలో పెట్టింది. "తిను. తిన్నాక ఏం చేస్తవో చెప్పు" అంది.

తిన్నాక కళావతి నేరుగా తన తండాకే పోయింది. తల్లి రామిని కూర్చోబెట్టి, ఫోను ముందు పెట్టి, ఒక్కో మాట చెప్పమంది. పాణి అంటే నీళ్ళు, బాటి అంటే రొట్టె, అట్లాంటి రోజూ వాడే మాటలు. ఒక్క మాట చెప్పి ఆగడం రామికి పుట్టుకతో రాని విద్య. "పాణి. ఇంత ఎండలో పడి వచ్చినవు, ముందు తాగు" అనేది. "బాటి. నువ్వు సరిగా తింటున్నవా అసలు?" అనేది. రాంజీ పక్కన కూర్చుని నవ్వాపుకోలేక బయటికి పోయేవాడు. ఆ తిట్లూ బుజ్జగింపులూ కత్తిరించి మాటలు మాత్రం మిగిల్చేసరికి కళావతికి తాతలు దిగివచ్చారు.

రుక్కి మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చింది. దేవేందర్ ఇష్టంలేకుండానే గది తాళం తీశాడు. ఈసారి హెడ్‌ఫోనులో రామి గొంతు, దాని చుట్టూ అదే మిల్లు మోత. రుక్కి మొదటి మాట వినగానే నవ్వింది. బల్బు వెలిగినప్పుడల్లా ఆమె చేయి చటుక్కున కదిలింది. జిన్ను దగ్గరి చేయి అదే. నలుగురూ మిగతావాళ్ళతో సమానంగా వచ్చారు.

"తప్పు నాది దేవేందర్ సార్" అంది కళావతి. "వీళ్ళ చెవులు బాగున్నయి. నేనే తప్పుగ అర్థం చేసుకున్న." ఆమె మాటతీరు మారిపోవడం దేవేందర్ గమనించాడు.

ఆయన భయస్థుడే గాని తెలివితక్కువవాడు కాదు. "సరే మేడం. గని మా మేస్త్రి పిలిచేది తెలుగుల్నే గద? మీ లెక్కల అప్పుడు వీళ్ళ చెయ్యి ఆలస్యమైతదన్నది నిజమే గద? మిషన్ ఆలస్యాన్ని మాఫ్ చేస్తదా?"

కళావతి బల్ల మీది తన బల్బువంక చూసింది. పరీక్షలో రుక్కి చేయిని ఆలస్యం చేసింది మాట. బల్బును చూడ్డానికి ఏ భాషా రానక్కరలేదు.

"మిషన్ ఆపాలన్నప్పుడు పిలుసుడెందుకు సార్? జిన్నుల వరసకు ఎదురుంగ ఎర్ర బల్బులు పెట్టున్రి. ఎలిగితే చేతులు తీసుడే. వీళ్ళకే కాదు, అందరికీ మంచిది. ఆ మోతల మీ తెలుగువాళ్ళు మాత్రం చెవులు రిక్కించి సస్తలేరా?"

దీనికి ఎదురు తిరిగింది దేవేందర్ కాదు, మేస్త్రి పాపయ్య. ఇరవై ఏళ్ళుగా మిల్లు మోతను మించి అరిచిన గొంతు ఆయనది. "బల్బులు పెడితే నా గొంతేం గావాలె?" అని అలిగి కూర్చున్నాడు. "పెండ్లిళ్ళల్ల పాటలు పాడుకో తాతా" అంది రుక్కి. మిల్లంతా నవ్వింది. బల్బుల తీగలు లాగడం ఆ వారంలోనే మొదలైంది, నలుగురూ పనిలోకి వచ్చారు. పాపయ్య కొన్నాళ్ళు బల్బు వేసి కూడా అలవాటు కొద్దీ అరిచేవాడు.

ఇక ఇంటర్వ్యూ. కళావతి చేతిలో అందంగా వచ్చిన మొదటి ఫలితం ఉంది. దాన్ని చెడగొట్టిన రెండోది ఉంది. మొదటిదొక్కటే చూపిస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. హైదరాబాదు వెళ్ళే రైల్లో, జనగామ స్టేషను దాటేదాకా వచ్చింది. మిల్లు పొగ్గొట్టం కనబడ్డాక పోయింది.

బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. ఆమె రెండు ఫలితాలూ ముందు పెట్టి, మొదటిది చూసి తను ఏమని పొరబడిందో, ఆ పొరపాటుకు నలుగురి పని ఎట్లా పోయిందో చెప్పింది.

"అంటే మీ మొదటి పరీక్షంతా వృథాయేనా?" అన్నాడు వారిలో పెద్దాయన.

"అంకెలు సరైనవేనండి. నేను చెప్పుకున్న అర్థం తప్పు. వాళ్ళు నిజంగానే అలసిపోతున్నారు. చెవి పాడై కాదు, పొద్దంతా తమది కాని భాషలో వినాల్సి రావడం వల్ల. మన దగ్గర మిల్లుల్లో, గనుల్లో ఇట్లా వినేవాళ్ళు ఎంతమందో మనకు తెలియదు. ఎవరూ కొలవలేదు."

"మీరు మొదటే ఎందుకు గమనించలేదు?" అడిగింది పక్కనున్న ప్రొఫెసరమ్మ. "మీది ఆ భాషే అన్నారు కదా?"

"దాచుకున్నానండి" అంది కళావతి. తర్వాత కబురు చేస్తామన్నారు.

కబురు వచ్చేసరికి ఆమె నెల్లికుదురు తండాలో తల్లి దగ్గర ఉంది. ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడి, థాంక్స్ చెప్పి పెట్టేసింది. రామి పప్పు చెరుగుతూ, "ఏమంటున్నారు?" అని అడిగింది. పరిశోధన సీటు వచ్చిందని, జనగామ మిల్లులోనూ భూపాలపల్లి గనిలోనూ పని అని కళావతి తమ భాషలో చెప్పింది. హరిలాల్‌కు ఫోను చేస్తే, "ఇగ గోడకు కూడా నన్ను ఇడిసిపెట్టవన్నట్టు" అని నవ్వాడు. రామికి మాత్రం సంగతి సరిగా అంతుపట్టలేదు.

"ఇంతకీ దేనిమీద చదువు అది?"

"విని విని మనుషులు ఎట్లా అలసిపోతారు అన్నదాని మీద."

"వింటే అలసిపోతారా ఎవరైనా?" రామి చేట పక్కన పెట్టింది. "పొలంలో వంగితే అలసిపోతారు. నువ్వు హాస్టల్లో చేరినప్పుడు చూడు, సెలవులకు ఇంటికి వచ్చి పడుకుంటే పగలూ రాత్రీ లేచేదానివి కాదు. పిలిస్తే పలికేదానివి కాదు. కళ్ళు గుంటలు పడి ఉండేవి. ఈ పిల్లకు అక్కడ అన్నం పెట్టడంలేదని నాకు కడుపు మండింది. మీ బాపు వద్దన్నా వినకుండా మానుకోట పోయి ఆ వార్డెనుతో కొట్లాడి వచ్చాను. పిల్ల కడుపు ఎండబెడుతున్నారా అని హాస్టల్ ముందు నిలబడి అరిచాను. నాకు తెలుగు సరిగా రాదు, ఆమెకు ఎంత అర్థమైందో ఏమో."

ఆ గొడవ కళావతికి గుర్తుంది. కిటికీ వెనక దాక్కుని, పిల్లలంతా చూస్తుండగా అరుస్తున్న ఆ తండా మనిషి తన తల్లి కాకపోతే బాగుండునని అనుకోవడం గుర్తుంది. రోజంతా క్లాసులో పంతుళ్ళ మాటలూ, పిల్లల నవ్వులూ, ఒక్కో తెలుగు మాటనూ పట్టి పట్టి వినడం, సాయంత్రం అన్నం గంట కొట్టకముందే పుస్తకం మీద తల వాల్చి నిద్రపోవడం గుర్తుంది. వార్డెను బలం మందు తాగించేది. ఇన్నేళ్ళూ ఎందరి చెవులనో కొలిచింది, ఆ పిల్ల అలసటను మాత్రం ఎన్నడూ తూచలేదు.

"అన్నం బాగానే పెట్టేవాళ్ళు యాడీ" అంది తల్లి చేయి పట్టుకుని. "ఆకలి కాదు."

"మరేమిటి?"

"వినడం."

రామి బిడ్డ ముఖంలోకి చాలాసేపు చూసింది. లేచి లోపలికి పోయి, బొంత తెచ్చి వాకిట్లో నీడకు పరిచింది. "అయితే ఇప్పుడు పడుకో" అంది.

కళావతి పడుకుంది. రామి మళ్ళీ చేట అందుకుని పప్పు చెరుగుతూ మాట్లాడుతూనే ఉంది, ఎవరి మేక ఈనిందో, ఎవరి చేనుకు పురుగు పట్టిందో, ఎవరి కోడలు అలిగిపోయిందో. కళావతి కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించకుండా, ఒక్క మాట కూడా పోకుండా అంతా విన్నది.